ఖాళీగా ఉన్నవాడికే బాల్

బాల్ చేతికి వచ్చిన ప్రతిసారీ బాలకృష్ణ ఎదుట ఎవరూ ఉండటం లేదు. ఆట రెండో సగం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. అవతలి జట్టు పిల్లలు ఏదో చిన్న ఊరి కాలేజీ వాళ్లు. మొదటి సగంలోనే ముప్ఫై పాయింట్లు వెనకబడి, చేతులు మోకాళ్ల మీద ఆనించి రొప్పుతున్నారు. ఎవరి మీదికీ పరుగెత్తి వచ్చే ఓపిక వాళ్లలో లేదు. ఇంకాసేపైతే అయిపోతుంది, బస్సెక్కి పోదాం అన్నట్టు నిలబడ్డారు. గీతకు అవతల, రింగుకు ఎడమ పక్కన, మూడేళ్లుగా తనదే అయిపోయిన చోట అతను ఒక్కడే ఉన్నాడు. ఆ గీత బయటి నుంచి వేసి పడితే రెండు కాదు, మూడు పాయింట్లు. నాగేందర్ నుంచి బాల్ వచ్చింది, ఛాతీ ఎత్తున, నేరుగా అరచేతుల్లోకి, వేళ్లు సర్దుకోవలసిన పని కూడా లేకుండా. ఇట్లాంటి పాసుల కోసం ఒకప్పుడు కోర్టంతా వినపడేట్టు అరిచేవాడు. మోకాళ్లు వంచాడు, లేచాడు, చెయ్యి పైకి పోయింది, మోచెయ్యి తెరుచుకుంటూ తెరుచుకుంటూ వచ్చి చివర ఆ కాస్త దగ్గర ఆగిపోయింది, తలుపు వెనక ఎవరో బస్తా పెట్టినట్టు. మిగతాది మణికట్టుతో నెట్టాడు. బాల్ రింగు ముందరి అంచుకు కొట్టుకుని కిందికి రాలింది. ఈ మధ్య ఎప్పుడూ అంతే. పక్కకు పోదు, గురి తప్పదు, నేరుగా పోయి జానెడు ముందే చచ్చిపోతుంది. గేటు పక్క పొట్టి గోడ మీద కూర్చున్న పిల్లలు ఎవరో నవ్వారు. బెంచీ పక్కన కమలాకర్ సార్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలో ఏమీ లేదు. కోపం ఉన్నా బాగుండేది అనుకుంటూ వెనక్కి పరుగెత్తాడు.

కమలాకర్ సార్ కాలేజీకి పీడీ, ఆటలన్నీ ఆయన చేతిలోవే. ఎవరినీ తిట్టడు, చెయ్యెత్తడు, నవ్వడు. మొదటి సంవత్సరం మొదటి వారంలో జట్టునంతా ఇదే కాంక్రీటు మీద కూర్చోబెట్టి చెప్పాడు. యూనివర్సిటీ జట్టుకు ఈ కాలేజీ నుంచి ఒక్కడి పేరే పోతుందని, ఆ ఒక్కడు ఎవడన్నది మూడేళ్ల ఆట చెబుతుందని, మూడేళ్లలో వేసిన త్రీలలో నూటికి ఎవడివి ఎక్కువ పడితే వాడి పేరే పంపుతానని, చుట్టరికం, కులం, సిఫారసు తన దగ్గరికి రావొద్దని. నేను మాట తప్పను, మీరు గురి తప్పకుండ్రి, అన్నాడు. యూనివర్సిటీకి ఆడిన సీనియర్లు ఇద్దరు స్పోర్ట్స్ కోటాలో పోలీసులయ్యారు. వాళ్లు ఎస్సై బండి మీద కోర్టు దాకా వచ్చి బాల్ ఒకసారి కొట్టి పోవడం బాలకృష్ణ చూశాడు. ఆ మొదటి ఏడు అతను వేసిన త్రీలలో దాదాపు సగం పడ్డాయి. సగం అంటే ఎవరూ నమ్మేవారు కాదు. దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు, బడిలో నెట్టు కూడా లేని ఇనుప రింగుకు వేసి నేర్చుకున్నవాడు, బాల్ వదిలాక చెయ్యి అట్లాగే గాలిలో ఉంచి, పడుతుందని తెలిసి ముందే వెనక్కి తిరిగేవాడు. ఆ పొగరు ఇప్పుడు తలుచుకుంటే ఇంకెవరిదో అనిపిస్తుంది. చూడకుండా తిరిగేవాడు. నెట్టు చేసే చప్పుడు వీపుతో వినేవాడు. ఆ చేతులతోనే ఇప్పుడు మళ్లీ బాల్ అందుకున్నాడు, మళ్లీ నాగేందర్ దగ్గరి నుంచే, మళ్లీ ఎదుట ఎవరూ లేరు, వేశాడు, మళ్లీ అదే అంచు.

"పడ్డదా?" అని అడుగుతున్నాడు గోడ వారన ఒక మనిషి.

"పడ్డది తాతా," అన్నారు పక్కన పిల్లలు. అని ఒకరి భుజం మీద ఒకరు మొహం దాచుకున్నారు.

ఆ మనిషి తాత కాదు. బాలకృష్ణ తండ్రి ఐలేశం. యాభై కూడా నిండలేదు. హాఫ్ టైమ్‌లో వచ్చాడు, దేవరకొండ బస్సు దిగి, దారి అడుగుతూ అడుగుతూ, ఎర్ర తువ్వాల నెత్తిన వేసుకుని. వస్తానని చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు. వీపు వంగి, మెడ బిగుసుకుపోయి, గడ్డం ఛాతీకి అతుక్కుని పదేళ్లు దాటింది. నిలబడితే తన కాళ్లే కనపడతాయి. ఊళ్లో మనుషుల్ని చెప్పుల్ని బట్టి పోల్చుకుంటాడు, తలకాయ పైకి లేవదు. చుక్కలు చూడాలంటే మంచం మీద పక్కకు తిరిగి పడుకోవాలి. ఈ మనిషి బాస్కెట్‌బాల్ చూడ్డానికి వచ్చాడు, ఉన్నదంతా పైనే ఉండే ఆట. పడమటి ఎండకు కోర్టు మీద నీడలు పొడుగ్గా పడ్డాయి. ఐలేశం ఆ నీడల్ని చూస్తున్నాడు, ఏ నీడ కొడుకుదో బూట్లను బట్టి పట్టుకుని, ఆ నీడలోంచి గుండ్రటి నీడ ఒకటి లేచిపోతే ఆగి, పక్కవాళ్లను అడుగుతున్నాడు. వాళ్లు పడ్డదంటున్నారు. ఆయన చప్పట్లు కొడుతున్నాడు. వేళ్లు పూర్తిగా తెరుచుకోవు కాబట్టి అది చప్పట్ల చప్పుడు కాదు, రెండు చెక్క ముక్కలు తగిలినట్టు ఉంది. ఆ చప్పుడు ఆగితే బాగుండు. ఎవరైనా లేచి ఆయన్ని అక్కడి నుంచి తీసుకుపోతే బాగుండు. మీ ఊరోడా అని జట్టులో ఒకడు అడిగాడు, బాలకృష్ణ తల ఊపాడు, ఊరోడే అన్నట్టు, ఇంకేమీ అన్నట్టు కాకుండా.

పరుగెత్తు. వెనక్కి, ముందుకు. చెయ్యి కిందికి వేలాడేస్తే నొప్పి లేదు. అదే విచిత్రం. నొప్పి ఉంటే ఎవరికైనా చెప్పుకోవచ్చు. మొదట నొప్పి కాదు, పొద్దున లేవగానే బిగుతు, దులిపేస్తే పోయేది. రెండో ఏడాది మధ్యలో ఒకరోజు హాస్టల్ తలుపు గొళ్లెం పైన ఉంటే అందలేదు, మునివేళ్ల మీద లేస్తే అందింది. తను పొట్టి కాలేదు కదా అని నవ్వుకున్నాడు. తర్వాత షాట్లు తక్కువ పడటం మొదలైంది. ఇంకా బలంగా నెట్టాడు, మోకాళ్లు ఇంకా వంచాడు, పొద్దున్నే అందరికంటే ముందొచ్చి వేశాడు, వేసినకొద్దీ బిగుసుకుంది. సార్ పిలిచి ఫోనెక్కువైందా, తాగుతున్నవా, ఎవతైనా ఉందా అని ఒకే గొంతుతో మూడూ అడిగాడు. చలికాలంలో నల్గొండలోనే ఒక డాక్టరు దగ్గరికి పోయాడు, తోడు నాగేందర్‌ను తీసుకుని. నాగేందర్‌ది నకిరేకల్, తండ్రికి బత్తాయిల మండీ. హాస్టల్లో ఒకే గది, ఒకే సబ్బు, మూడేళ్లుగా ఒకరి పళ్లెంలో ఒకరి చెయ్యి. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, ఇది ఎవరిది, మీ నాయనదా అని అడిగాడు. నాదే అన్నాడు. అప్పుడు డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, ఎక్కడిది ఊరు అని అడిగాడు, చెబితే తల పంకించాడు, ఇంకేమీ పరీక్ష చేయలేదు. ఊరి పేరే పరీక్ష అయిపోయింది.

బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పని అని బాలకృష్ణకు తెలియక కాదు. ఊళ్లో దాన్ని కళ్లతో చూస్తూనే పెరిగాడు, ఎముకలు దొడ్డిదారిన పెరిగి మనిషిని మడతపెట్టడం. కాని తనకు రాదు. తనకు రాకూడదనే కదా బాపు అంత చేసింది. తెలంగాణ వచ్చాక రెండు మూడేళ్లకు, తను ఇంటర్లో ఉండగా ఇంటింటికీ నల్లా వచ్చింది. అంతకుముందంతా బోరు నీళ్లే. ఒక్క బాలకృష్ణకు తప్ప. కృష్ణా నీళ్ల పైపు పోయే ఊరు ఆరేడు మైళ్లుంటే, ఐలేశం రోజూ తెల్లారకముందే సైకిల్‌కు రెండు డబ్బాలు కట్టుకుని పోయేవాడు. మెడ బిగిశాక ఎదురుగా చూపు అందక, చక్రం ముందరి రెండు గజాల రోడ్డును మాత్రం చూసుకుంటూ తొక్కేవాడు, లారీ హారన్‌ను బట్టి పక్కకు జరిగేవాడు. వీపు పూర్తిగా వంగాక తొక్కడం చేతగాక, సైకిల్‌ను నడిపించుకుంటూ తెచ్చాడు. ఆ నీళ్లకు వేరే కుండ, దాని మీద వేరే మూత. తల్లి గోపమ్మ కూడా అందులో ముంచుకునేది కాదు. దప్పికైతే ఆ కుండ ఎదురుగానే బోరు నీళ్లు గటగట తాగేది. మా పిలగాన్ని బోరు నీళ్లు ముట్టనియ్యలే అని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు ఐలేశం. జీవితంలో ఆయన గెలిచింది అదొక్కటే. ఆ రోగం తనను తీసుకుంది గాని కొడుకును తీసుకోలేదు. అది డాక్టరుకు చెబితే డాక్టరు విన్నాడు. విని, "మరి అన్నం ఏ నీళ్లతోటి వండేది?" అని అడిగాడు.

అన్నం. పప్పు. చాయ్. జొన్న గట్క. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, పదిహేడేళ్లు. అంబలి కుండ నిండా బోరు నీళ్లు మరిగి మరిగి చిక్కబడేవి. ఎవరూ అనుకోలేదు. ఉడికితే నీళ్లు నీళ్లు కాకుండా పోతాయనుకున్నారు. డాక్టరు ముందు కూర్చుని బాలకృష్ణకు ఒక్కటే భయం వేసింది, చెయ్యి గురించి కాదు, ఇది బాపుకు తెలియకూడదని. తిరిగొస్తూ ఆటోలో నాగేందర్ ఎక్స్‌రేను బయటి వెలుతురుకు పట్టి చూస్తూ కూర్చున్నాడు. ఎవ్వలకు చెప్పకురా అన్నాడు బాలకృష్ణ. సార్‌కు, మా బాపుకు. నాగేందర్ ఎక్స్‌రేను చుట్టి తన బ్యాగులోనే పెట్టుకుని, నేనెందుకు చెప్త అన్నాడు.

నాగేందర్ ఇప్పుడు బాల్ పట్టుకుని గీత దగ్గర నిలబడ్డాడు. వాడి ఎదుట కూడా ఎవరూ లేరు. ఈ ఏడు వాడి చెయ్యి మంచి ఊపు మీదుంది, ఈ దూరం నుంచి కళ్లు మూసుకుని వేస్తాడు. వెయ్యలేదు. ఆగి, వెతికి, కోర్టు ఈ పక్క నుంచి ఆ పక్కకు బాలకృష్ణకు విసిరాడు. రెండో సగంలో వాడు ఒక్క షాట్ కూడా వెయ్యలేదు. బాలకృష్ణ బాల్ పట్టుకుని ఒక్క క్షణం అట్లాగే నిలబడ్డాడు. హాఫ్ టైమ్‌లో సార్ నాగేందర్‌ను స్తంభం వెనక్కి తీసుకుపోయాడు, భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు, నాగేందర్ ఒకసారి ఇటు చూసి తల దించుకున్నాడు. తర్వాత వచ్చి నీళ్లు తాగుతూ, ఇయ్యాల ఆఖరు ఆట, మొత్తం నీకే ఇస్త బాలు అన్నాడు. ఎంత సంతోషమైంది. తోటివాడంటే వీడు అనుకున్నాడు, కళ్లు చెమ్మగిల్లితే చెమటతో కలిపి తుడుచుకున్నాడు. ఈ ఆటకు ముందు, మూడేళ్లది కలిపితే తనది ఇంకా నూటికి ముప్ఫై ఆరు. మొదటి ఏడాది పుణ్యం అది. నాగేందర్‌ది ముప్ఫై నాలుగు. ఇంకే ఆటా లేదు. ఈ ఆటలో నాగేందర్ ఒక్కటి కూడా వెయ్యకుండా ఉంటే వాడిది వాడికి ఉంటుంది. తను పదో పన్నెండో వేసి తప్పితే తనది వాడిదాని కిందికి దిగుతుంది. వెయ్ వెయ్ అని గోడ మీది పిల్లలు అరిచారు. చెయ్యి అలవాటుగా లేచింది. తక్కువైంది. పడ్డదా అంటున్నాడు బాపు. పడ్డది, ఇది గూడ పడ్డది అంటున్నారు వాళ్లు.

వెనక్కి పోతూ నాగేందర్ పక్కన పరుగెత్తాడు. "అన్ని నాకెందుకు ఇస్తున్నవ్ రా?" అని అడిగాడు.

"కాలీగ ఉన్నవ్ గద," అన్నాడు నాగేందర్. బాలకృష్ణ మొహం వైపు కాదు, మోచేతి వైపు చూసి అన్నాడు.

అవతలివాళ్లు టైమౌట్ అడిగారు. ఓడిపోయే ఆటలో ఊపిరి కోసం అడిగారంతే. జట్టంతా నీళ్ల క్యాను చుట్టూ చేరింది. బాలకృష్ణ నేరుగా సార్ దగ్గరికి పోయాడు. నన్ను కూసోవెట్టుండ్రి సార్, చెయ్యి లేస్తలేదు అన్నాడు. ఆ మాట సార్‌కు చెప్పడం అదే మొదలు. ఏడాదిగా మింగుకుంటూ వచ్చిన మాట అంత సులభంగా బయటికి వస్తుందనుకోలేదు.

"ఎర్కే," అన్నాడు సార్. "నాగేందర్ ఎప్పుడో చెప్పిండు. ఎక్స్‌రే గూడ సూపిచ్చిండు."

గొంతు పెంచలేదు. పక్కనున్నవాళ్లకు ఆట గురించి ఏదో చెబుతున్నట్టే ఉంది. ఇప్పుడు నిన్ను కూర్చోబెడితే లెక్క నీదే పైన ఉంటుంది, నీ పేరే పంపాలి, పంపితే వాళ్లు మొదటి రోజే చెయ్యి చూసి వెనక్కి తోలుతారు, కాలేజీ పరువు, నా పరువు పోతుంది అన్నాడు. అట్లని పంపకుండా ఉంటే మూడేళ్ల కింద అందరి ముందు అన్న మాట పోతుంది. ఆయన ఎంతో ఆలోచించినట్టే ఉంది. ఆలోచించి, రెండూ పోకుండా ఉండే దారి వెతికినట్టే ఉంది.

"నాకొద్దని నేనే చెప్త సార్. నాగేందర్ పేరే పంపుండ్రి."

"నువ్వొద్దంటె నేను వద్దనిపిచ్చిన్నంటరు. లెక్క దిగాలె. లెక్క దిగితె ఎవడు మాట్లాడడు." ఆయన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. "ఇంకొన్నే. తాగి పో."

ఏడవాలనిపించలేదు. అక్కడ ఏడవడానికి చోటు లేదు. చుట్టూ బూట్లు, సీసాలు, నవ్వులు. మెడలు తిప్పుకుంటున్న కుర్రాళ్లు, ఎటంటే అటు తిరిగే మెడలు. నాగేందర్ బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు, ఎంతకూ తల ఎత్తడు. వాడి మీద కోపం రావాలి. రావడం లేదు. వాడి చేతులు చూశాడు, మోకాలి మీదుగా బూటు దాకా నిటారుగా చాచిన రెండు చేతులు, కణుపు లేని వెదురులా. వాడు కడుపులో ఉన్నప్పటి నుంచీ ఏ నీళ్లు తాగాడో. ఎంత అన్యాయం అనిపించింది, నమ్మకద్రోహం కంటే ఎక్కువ అన్యాయం, ఆ చేతులు అంత నేరుగా ఉండటం. వెయ్యకుండా నిలబడితే? నిలబడితే మాట వినడని సార్ సర్టిఫికెట్టులో రాస్తాడు, చెయ్యి బాగలేదని రాస్తే కనీసం అయ్యో అంటారు, మాట వినడంటే ఏమంటారు. ఆడకుండా బయటికి నడిచిపోతే? గేటు పక్కనే బాపు కూర్చుని ఉన్నాడు. ఎందుకొచ్చినవ్ బిడ్డా అంటాడు. ఏం చెప్పాలి. కోర్టు లోపలే నయం. విజిల్ ఊదారు.

తర్వాత జరిగినదంతా ఒకటే తీరు. నాగేందర్ ఇచ్చాడు, తను వేశాడు. వాడు ఇచ్చిన ప్రతి పాసూ అందంగానే ఉంది, అందులో వంక పెట్టడానికి లేదు. రింగు ముందరి అంచు మోగింది, మళ్లీ మోగింది, ఒకటి అంచు దాకా కూడా పోలేదు, గాలిలోనే వాలిపోయి అవతలివాడి చేతుల్లో పడింది, వాడికే జాలేసినట్టు ఒక్క క్షణం పట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ల జట్టు అమ్మాయిలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. వర్షిత అనే అమ్మాయి మాత్రం లేచి వెళ్లిపోయింది. మొదటి ఏడాది ఆ అమ్మాయి బాలకృష్ణ షాటును ఫోనులో తీసి అందరికీ చూపించేది. లతీఫ్‌సాబ్ గుట్ట వెనక్కి ఎండ జారుతున్నది, నీడలు ఇంకా సాగాయి, తన నీడకు మాత్రం చెయ్యి నేరుగానే ఉన్నట్టుంది నేల మీద, ఎండ వాలిన కొద్దీ మోచేతి వంకర నీడలో కలిసిపోయి, పొడుగ్గా. బాపు చూస్తున్నది ఆ చేతినే. గోడ మీది పిల్లలకు ఇప్పుడు ఆటకంటే ఆయనే ఎక్కువ సరదా. పడ్డదా అని అడగకముందే పడ్డది తాతా, అన్నీ పడ్డయి, నీ కొడుకేనా తాతా, ఏం తినవెట్టినవ్ తాతా అంటున్నారు. ఆయన వాళ్లకు కుండ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అంత దూరం నుంచి మాటలు వినపడవు, కాని చేతులు తెలుసు. సైకిల్‌కు డబ్బాలు ఇట్లా కట్టేది అని చూపిస్తున్నాడు.

నాగేందర్ మళ్లీ ఇచ్చాడు. బాలకృష్ణ బాల్‌ను పైకి ఎత్తలేదు. రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్ల మధ్య దాకా దించి, చిన్నపిల్లలు బిందెలో నీళ్లు పైకి విసిరినట్టు కింది నుంచి విసిరాడు. ఎందుకు చేశాడో తెలియదు. అయిదో తరగతిలో బాల్ బరువుకు ఆగలేక అట్లా వేసేవాడు. బాల్ చాలా ఎత్తుకు పోయింది, మెల్లగా తిరుగుతూ వచ్చి, నెట్టును కూడా తాకనట్టు రింగులోంచి పడింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వారు. గోడ మీదివాళ్లు, అమ్మాయిలు, అవతలి జట్టు, రెఫరీ కూడా విజిల్ నోట్లోంచి తీసి నవ్వాడు. ఒకడు దాన్ని అనుకరించి చూపించాడు, పిర్రలు వెనక్కి పెట్టి, చేతులు కాళ్ల మధ్యకు పోనిచ్చి. అవతలి జట్టులో చిన్నవాడు బాలకృష్ణ వీపు మీద చరిచి, మస్తుంది అన్నా అన్నాడు. పడ్డదా అని ఐలేశం అడిగాడు. నవ్వులో ఎవరూ జవాబు చెప్పలేదు. సార్ లెక్క రాసే కుర్రాడి వైపు వంగి ఏదో అడిగాడు, నిటారుగా నిలబడి, ఇంకా రెండు అన్నట్టు నాగేందర్‌కు వేళ్లు చూపించాడు. ఆ రెండూ బాలకృష్ణ పైనుంచే వేశాడు. రెండూ తప్పాయి. అప్పుడు అతన్ని కూర్చోబెట్టారు.

గెలిచారు. చేతులు కలిపారు. సార్ అందరినీ చుట్టూ నిలబెట్టి, అదే గొంతుతో, మూడేళ్ల లెక్కలో నాగేందర్‌ది మీద ఉన్నది కాబట్టి నాగేందర్ పేరు పోతుందని చెప్పాడు. మాటంటే మాటే అన్నాడు. చప్పట్లు కొట్టారు. బాలకృష్ణ కూడా కొట్టాడు, కొడుతుంటే బాగానే మోగింది. నాగేందర్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. సార్ ఒత్తిడి చేసిండని, తనకు ఇష్టం లేదని, ఇంట్లో నాయిన కూడా పోలీసు పోలీసు అని సతాయిస్తున్నాడని, ఒకదాని మీద ఒకటి చెప్పుకుపోయాడు. బాలకృష్ణ విన్నాడు. వాడి మాటల్లో ఒక్కటీ అబద్ధం కాకపోవచ్చు.

"పాసులు మంచిగిచ్చినవ్ రా," అన్నాడు. నిజంగానే అన్నాడు. నాగేందర్ మొహం చెంప మీద కొట్టినట్టు అయిపోయింది. అది చూస్తే ఆ సాయంత్రం మొత్తంలో మొదటిసారి లోపల ఎక్కడో చల్లగా ఉంది. ఇంకా కొంచెం కావాలనిపించింది.

గేటు దగ్గర ఐలేశం లేచి నిలబడి ఉన్నాడు. పిల్లలు వెళ్లిపోయారు. కొడుకు బూట్లు ఎదుటికి రాగానే ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. అన్నీ పడ్డాయట కదా, ఆ పిల్లలు చెప్పారు, మంచి పిల్లలు, ఒక్కటి కూడా పోలేదన్నారు. మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పిన అన్నాడు. సెలక్షన్ అయినట్టేనట, మీ అమ్మ వాడకట్టంతా తిరిగి చెప్తున్నది అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ కొడుకు బూట్లకే నవ్వుతున్నాడు.

"ఒక్కటే పడ్డది బాపు," అన్నాడు బాలకృష్ణ. "అది పడితె అందరు నవ్విండ్రు."

ఐలేశం నవ్వు కాసేపు అట్లాగే ఉండి తర్వాత పోయింది. పిల్లలు ఎగతాళి చేశారని అర్థం చేసుకోవడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. చేతికి దెబ్బ తాకిందా బిడ్డా అని అడిగాడు.

ఔను అంటే చాలు. ఆ అబద్ధాన్ని బాలకృష్ణ ఏడాదిగా సిద్ధం చేసి పెట్టుకున్నాడు, ఎక్కడ పడ్డాడో, ఏ రోజో, ఎవరు లేపారో కూడా. దెబ్బ తాకింది, నయమైతది అంటే ఈ మనిషి తువ్వాల దులుపుకుని బస్సెక్కుతాడు, ఇంటికి పోయి కుండ మూత తీసి చూసుకుంటాడు. చెప్పు అనుకున్నాడు. నోరు తెరిచాడు. లోపల గోడ మీది నవ్వులున్నాయి, సార్ మూత తీసి ఇచ్చిన నీళ్లున్నాయి, చెక్క ముక్కల చప్పట్లున్నాయి. అవన్నీ ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యాలి. ఎదురుగా ఉన్నది ఈయనే. తండ్రి చేతిని పట్టి తన కుడి మోచేతి మీద పెట్టుకున్నాడు. చెయ్యి చాపాడు, చాపగలిగినంత.

"దెబ్బ కాదు. సూడు," అన్నాడు. "నాకు తాగనీకె మంచినీళ్లు తెచ్చినవ్. అన్నం ఏ నీళ్లతోటి వండిండ్రు బాపు?"

ఐలేశం బొటనవేలు కొడుకు మోచేతి చుట్టూ మెల్లగా తిరిగింది. ఎముక మీది నుంచి ఎముక కిందికి, మడత లోపలికి. ఒకచోట ఆగింది. అది ఏమిటో ఆ వేలికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆటోలు హారన్లు కొడుతూ పోతున్నాయి. ఆయన తల ఎత్తలేడు కాబట్టి కొడుకు మొహం చూడలేదు, కొడుక్కి ఆయన మొహం కనపడలేదు, తువ్వాల అంచు ఒక్కటే కనపడింది. అన్న మాటను వెనక్కి తీసుకోవాలని బాలకృష్ణకు ఉంది. తీసుకోలేదు. చెయ్యి కూడా లాక్కోలేదు.

"రెండో చెయ్యి తే," అన్నాడు ఐలేశం.

ఎడమ చేతిని బాలకృష్ణ ఎన్నడూ చూసుకోలేదు. అది బాల్‌ను పక్కనుంచి ఆపడానికే తప్ప వెయ్యడానికి కాదు, దానితో పని లేదు. తండ్రి అరచేతిలో పెట్టి, మెల్లగా చాపాడు. కుడిది ఆగిన చోటు దాకానే వచ్చి అదీ ఆగిపోయింది.